రెండవ రెక్కారెడ్‌ను చంపారా, తనే చనిపోయాడా? ఒక్క వాక్యంలో మిగిలిన బాలరాజు

అడిగిన ప్రశ్న ఇది: "పాతకాలపు స్పెయిన్‌ను ఏలిన విసిగోత్ రాజుల పట్టిక తయారుచేస్తుంటే 621 దగ్గర రెండవ రెక్కారెడ్ అనే పేరు తగిలింది. పసివాడట, కొద్ది రోజులే రాజుగా ఉన్నాడట. తరవాత గద్దెనెక్కిన స్వింతిలాయే చంపించాడని ఒకచోట, జబ్బు చేసి పోయాడని మరోచోట చదివాను. మరణకారణం గడిలో ఏం రాయాలి? అసలు అంత చిన్న పిల్లవాణ్ణి రాజును ఎందుకు చేశారు?"

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. ఆ గడిలో "కారణం నమోదు కాలేదు" అని రాయండి. హత్య అని రాయకండి, వ్యాధి అనీ రాయకండి. రెండు మాటలకూ ఆధారం ఒకటే వాక్యం, ఆ వాక్యం రెండింటిలో దేన్నీ చెప్పదు. మీ రెండో ప్రశ్న ఉంది చూశారూ, పిల్లవాణ్ణి రాజును ఎందుకు చేశారన్నది, దానికి మాత్రం మంచి జవాబు ఉంది. ఆ జవాబు తెలిస్తే మొదటి ప్రశ్నను ఎలా చూడాలో కూడా తెలుస్తుంది. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

రోమన్ సామ్రాజ్యం పడిపోయిన తరవాత ఐరోపాలో తలెత్తిన రాజ్యాల చరిత్రను చాలా ఏళ్ళుగా పాఠం చెబుతున్నాను. ప్రతి ఏడూ విసిగోతుల దగ్గరికి రాగానే పిల్లల చేత ఆ వాక్యాన్ని లాటిన్ నిఘంటువు పక్కన పెట్టుకుని మాట మాటా విప్పిస్తాను. రాసినవాడు సెవిల్ బిషప్ ఇసిడోర్, ఆ కాలంలో హిస్పానియా (ఇప్పటి స్పెయిన్, పోర్చుగల్) మొత్తానికీ అంతటి పండితుడు లేడు. తన గోతుల చరిత్రలో సిసెబుట్ రాజు మరణం చెప్పిన వెంటనే ఇలా అంటాడు: రెక్కారెడ్ అనే చిన్న కొడుకును విడిచి వెళ్ళాడు, తండ్రి పోయాక అతడు, మరణం అడ్డురావడంతో, కొద్ది రోజుల ప్రభువుగా లెక్కకు వస్తున్నాడు. అంతే. తరవాతి మాటలోనే స్వింతిలా పాలన మొదలైపోతుంది. ఆ బాలుడి గురించి సమకాలికులు రాసినదాంట్లో మనకు దక్కింది అదొక్కటే. అది కూడా పూర్తి వాక్యం కాదు, తండ్రి గురించిన వాక్యానికి తోక.

అయినా ఆ తోకలో నాలుగు మాటలున్నాయి, నాలుగూ ముఖ్యమే. మొదటిది "పార్వులో". చిన్నవాడు, పసివాడు అని అర్థం. వయసు అంకె ఇవ్వలేదు. కాబట్టి మూడేళ్ళనీ ఏడేళ్ళనీ ఎక్కడైనా కనిపిస్తే అది తరవాతివాళ్ళు కలిపిందే. రెండోది "ప్రిన్‌చెప్స్", ప్రభువు. ఇసిడోర్ పెద్ద రాజులకూ ఇదే మాట వాడతాడు కాబట్టి పిల్లవాణ్ణి తక్కువ చేయడం కాదిది. మూడోది "మోర్తే ఇంటర్వెనియెంటే", మరణం మధ్యలోకి రాగా. నాలుగోది "హబేటుర్", అంటే లెక్కింపబడుతున్నాడు. నాకు అన్నిటికన్నా ఈ నాలుగో మాట దగ్గర ఎక్కువసేపు ఆగాలనిపిస్తుంది. "రాజుగా పాలించాడు" అనలేదు ఇసిడోర్, "రాజుల లెక్కలో ఉన్నాడు" అన్నాడు. పాలించడానికి వ్యవధి లేదు, పాలించే వయసు కాదు, అయినా లెక్కలోంచి తీసేయడానికి మనసొప్పలేదు. ఫ్రెడెగార్ పేరుతో మనకందిన ఫ్రాంకుల (ఇప్పటి ఫ్రాన్స్ వైపు పొరుగువాళ్ళు) చరిత్ర ఆ పాటి కూడా చేయలేదు. సిసెబుట్ నుంచి నేరుగా స్వింతిలాకు దాటిపోతుంది.

ఇక "మరణం అడ్డురావడంతో" అన్న మాటను ఎలా చదవాలి? ఇసిడోర్ హత్యల గురించి ఎలా రాస్తాడో పక్కన పెట్టి చూడాలి. అతను హత్యను దాచే మనిషి కాదు. థియుడిస్ రాజు 548లో రాజభవనంలో, అతని తరవాతి థియుడిగిసెల్ 549లో సెవిల్ నగరంలో విందు మధ్యలో హతులయ్యారని చెప్పాడు. అగిలాను మెరిడాలో సొంత మనుషులే చంపారని చెప్పాడు. తన కాలంలోనే జరిగిన రెండవ లియువా సంగతి మరీ విప్పి రాశాడు. మొదటి రెక్కారెడ్ కొడుకైన ఆ లియువా 601లో గద్దెనెక్కాడు. 603లో విట్టెరిక్ తిరగబడి, ఏ పాపమూ ఎరగని ఆ కుర్రవాణ్ణి దింపి, కుడిచెయ్యి నరికించి, ఇరవయ్యో ఏట చంపించాడని రాశాడు. ఆ విట్టెరిక్ 610లో విందులో హత్యకు గురైతే, కత్తితో చేసినవాడు కత్తితోనే పోయాడన్నాడు. చంపడాన్ని చంపడమనే చెప్పగల కలం అది. అలాంటి కలం 621 దగ్గర కర్త లేని మాట ఎంచుకుంది. ఎవరు చంపారు అని లేదు, చంపారు అనీ లేదు, మరణం వచ్చింది అని ఉంది. ఇంతవరకే చూస్తే సహజ మరణమనే అనిపిస్తుంది.

కానీ ఆ చరిత్ర ఎప్పుడు, ఎవరి నీడలో రాశాడన్నది మరిచిపోకూడదు. ఇసిడోర్ గోతుల చరిత్రకు రెండు పాఠాలు, అంటే రెండు రూపాలు, ఉన్నాయి. పొట్టిది సిసెబుట్ కాలంతో ముగుస్తుంది. పెద్దది స్వింతిలా అయిదో ఏడు దాకా, అంటే 620ల నడుమ దాకా వస్తుంది. మన బాలుడి ప్రస్తావన ఆ పెద్ద పాఠంలోది. ఆ పాఠమంతా స్వింతిలా స్తోత్రంతో ముగుస్తుంది. దైవకృపతో రాజదండం చేపట్టాడంటాడు. ప్రజలకు ప్రభువే కాదు, పేదలకు తండ్రి అనిపించుకోదగినవాడంటాడు. పై రాజులందరి హత్యలు రాసేనాటికి వాటివల్ల లాభపడ్డవాళ్ళెవరూ గద్దె మీద లేరు. ఈ బాలుడి చావు వల్ల లాభపడ్డవాడు మాత్రం గద్దె మీద ఉన్నాడు, ఆ పుస్తకం చదవబోతున్నాడు. కాబట్టి ఇసిడోర్ మౌనం స్వింతిలాను నేరస్థుణ్ణి చేయదు, నిర్దోషినీ చేయదు. మొదటిసారి ఈ మాట చెప్పినప్పుడు విద్యార్థులకు కొంచెం నిరాశ కలుగుతుంది. నాకు మాత్రం చరిత్ర చదవడంలో ఇంతకన్నా మంచి అభ్యాసం దొరకదనిపిస్తుంది. రాసినవాడు నిజాయితీపరుడే అయినా, ఏ గదిలో కూర్చుని రాశాడో అడగాలి.

తండ్రి సిసెబుట్ గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఆ ఇంటి స్థితి తెలియకపోతే పిల్లవాడి స్థితి తెలియదు. 612లో రాజయ్యాడు. ఎనిమిదేళ్ళ ఆరు నెలలు పాలించాడని ఇసిడోర్ లెక్క. విసిగోత్ రాజుల్లో ఇంత చదువుకున్నవాడు మరొకడు లేడు. చంద్రగ్రహణం ఎలా పడుతుందో 61 పాదాల లాటిన్ పద్యంగా రాసి ఇసిడోర్‌కు పంపాడు. ప్రకృతి గురించి ఇసిడోర్ రాసిన గ్రంథం ఈ రాజుకే అంకితం. దక్షిణ తీరంలో కాన్‌స్టాంటినోపుల్ చక్రవర్తి చేతిలో మిగిలిన ప్రాంతం మీదికి స్వయంగా వెళ్ళి గెలిచాడు. తన సైన్యం పట్టుకున్న బందీలనే డబ్బిచ్చి విడిపించాడని పేరు. అదే మనిషి యూదులను బలవంతంగా క్రైస్తవంలోకి మార్చే ఆజ్ఞ ఇచ్చాడు. ఆ పనికి ఉత్సాహం ఉందిగాని వివేకం లేదని, అతని మిత్రుడైన ఇసిడోరే ఆ తరవాత రాశాడు. ఆ ఆజ్ఞ వల్ల ఎన్ని కుటుంబాలు నలిగిపోయాయో తలుచుకోకుండా సిసెబుట్ చదువును పొగిడేవాళ్ళతో నేను ఏకీభవించను.

అంతటి రాజు చావు కూడా తేటగా లేదు. రోగంతో పోయాడని కొందరు, మందు మోతాదు మించి తాగడం వల్ల అని కొందరు, విషం అని ఇంకొందరు అన్నట్టు ఇసిడోర్ చరిత్ర నమోదు చేసింది. తండ్రి మంచం దగ్గరే ఇన్ని గుసగుసలు లేచాయంటే, కొద్ది రోజుల్లో కొడుకు కూడా పోయినప్పుడు రాజధాని టొలెడోలో జనం ఏమనుకుని ఉంటారో ఊహించగలం. కానీ ఇసిడోర్ తండ్రి విషయంలో ఆ గుసగుసలు రాసి, కొడుకు విషయంలో రాయలేదు. ఈ తేడాను మీరు పట్టికలో పెట్టలేరు, మనసులో మాత్రం పెట్టుకోండి.

ఇప్పుడు రెండో ప్రశ్నకు వస్తాను. పిల్లవాణ్ణి ఎందుకు రాజును చేశారు?

దీనికి ముందు ఒకటి తెలియాలి. 507లో వూయ్యే దగ్గర ఫ్రాంకుల రాజు క్లోవిస్ చేతిలో రెండవ అలారిక్ చనిపోయాడు, 531లో అతని కొడుకు అమలారిక్ హతుడయ్యాడు. దాంతో పాత రాజవంశం తెగిపోయింది. అప్పటినుంచి విసిగోతులకు "ఈ రక్తం వాడే రాజు కావాలి" అనే కట్టుబాటు లేకుండా పోయింది. పెద్ద కుటుంబాల్లో బలమున్నవాడు, సైన్యం ఒప్పుకున్నవాడు రాజు. అయితే ప్రతి రాజుకూ తన కొడుకే తరవాత రావాలని ఉంటుంది. ఒకవైపు ఎన్నిక అనే అలవాటు, ఇంకోవైపు తండ్రి ఆశ. ఈ రెండూ ఎప్పుడూ ఒకదాన్నొకటి పూర్తిగా ఓడించలేదు. రాజు బలంగా పోతే కొడుక్కి కిరీటం దక్కేది. దక్కినంత మాత్రాన నిలిచేది కాదు. రాజు నచ్చకపోతే అతణ్ణి కత్తితో తొలగించి ఇంకొకణ్ణి పెట్టుకోవడం గోతులకు అసహ్యమైన అలవాటైపోయిందని ఫ్రాంకుల చరిత్ర రాసిన టూర్ బిషప్ గ్రెగొరీ మండిపడ్డాడు.

అమలారిక్ తరవాత, ఏడో శతాబ్దం నడుమ దాకా, తండ్రి తరవాత కొడుకు వచ్చిన సందర్భాలన్నీ ఒక కాగితం మీద వరుసగా రాయండి. లియోవిగిల్డ్ తరవాత మొదటి రెక్కారెడ్, నిలిచాడు. రెక్కారెడ్ తరవాత రెండవ లియువా, రెండేళ్ళలో చంపారు. సిసెబుట్ తరవాత మన బాలుడు, కొద్ది రోజులు. చింటిలా తరవాత తుల్గా, రెండేళ్ళు దాటీ దాటకుండానే దింపారు. చిందాస్వింత్ తరవాత రెక్కెస్వింత్, నిలిచాడు, 672 దాకా పాలించాడు. నిలిచిన ఇద్దరిలో ఉమ్మడి గుణం ఏమిటి? ఇద్దరూ పెద్దవాళ్ళు, ఇద్దరినీ తండ్రి బతికుండగానే పక్కన కూర్చోబెట్టుకుని పాలనలో భాగం ఇచ్చాడు. లియోవిగిల్డ్ 573లోనే ఇద్దరు కొడుకులను కలుపుకున్నాడు, చిందాస్వింత్ 649లో రెక్కెస్వింత్‌ను. తండ్రి పోయేనాటికే ప్రభువులూ బిషప్పులూ ఆ కొడుకు ముందు తలవంచడానికి అలవాటుపడి ఉన్నారు. రెండవ రెక్కారెడ్‌కు అలాంటి ఏర్పాటు జరిగినట్టు ఇసిడోర్ ఒక్క ముక్క కూడా అనలేదు. తండ్రి పోయాకే అతను ప్రభువయ్యాడు. కిరీటం దొరికింది, దాన్ని పట్టుకుని నిలిపే చెయ్యి దొరకలేదు.

పసివాడు రాజు కావడం ఆ రోజుల్లో వింత కాదు, ఇది గమనించండి. పొరుగున ఫ్రాంకుల్లో రెండవ క్లోతార్ 584లో తండ్రి హత్యకు గురైనప్పుడు నాలుగు నెలల శిశువు. బతికాడు, పెరిగాడు, 613 నాటికి ఫ్రాంకులందరికీ ఒకే రాజయ్యాడు. అంతకుముందు 575లో తండ్రిని చంపినప్పుడు రెండవ చిల్డెబెర్ట్‌కు అయిదేళ్ళు. ఒక సేనాని ఆ పిల్లవాణ్ణి పారిస్ నుంచి రహస్యంగా దాటించి రాజుగా నిలబెట్టాడు. అక్కడ మెరోవింగియన్ రాజవంశపు రక్తం అంటే ఒక విలువ. పసివాడి పేరు చెప్పుకునే ప్రభువులు తమలో తాము కొట్టుకున్నారుగాని, ఆ రక్తం వద్దనలేకపోయారు. ఇంకొకటి, అక్కడ తల్లులున్నారు. క్లోతార్ వెనక ఫ్రెడెగుండ్, చిల్డెబెర్ట్ వెనక బ్రూన్‌హిల్డ్. ఈ బ్రూన్‌హిల్డ్ ఎవరనుకున్నారు? విసిగోత్ రాజు అథానగిల్డ్ కూతురు! టొలెడో నుంచి వెళ్ళిన ఆడపడుచు పొరుగు రాజ్యంలో కొడుకు సింహాసనానికి కాపలా కాసింది, పుట్టింట మాత్రం ఆ పని చేయడానికి ఏ రాణికీ చోటు లేకపోయింది. ఇటలీలోని లొంబార్డుల్లోనూ అంతే, అడలోఆల్డ్ చిన్నవాడైతే తల్లి థియోడెలిండా పాలన చూసుకుంది. సిసెబుట్ ఆ తల్లీకొడుకులకు మతవిషయమై ఉత్తరం రాశాడు, అది మనకు దక్కింది. అంటే పసివాడి తరఫున తల్లి రాజ్యం నడపడమనేది అతనికి తెలియని సంగతి కాదు.

విసిగోతుల్లో కూడా ఒకసారి అలాంటి రక్షణ పనిచేసింది, కానీ అది బయటినుంచి వచ్చింది. పైన చెప్పిన అమలారిక్ తండ్రి చనిపోయేనాటికి చిన్నపిల్లవాడు. అతని తల్లి ఇటలీని ఏలే ఆస్ట్రోగోత్ రాజు థియోడరిక్ కూతురు. మనవడి పేరు మీద తాతే 511 నుంచి 526లో తాను పోయేదాకా హిస్పానియాను నడిపించాడు. పిల్లవాడికి సంరక్షకుడిగా తన ఆయుధవాహకుణ్ణి పంపాడు. ఆ సంరక్షకుడి పేరు థియుడిస్. 531లో అమలారిక్ పోగానే గద్దెనెక్కింది ఆ థియుడిసే. తాత ఉన్నంతకాలం కాపాడిన ఏర్పాటు, తాత పోయాక ఏమైందో చూశారుగా. రెండవ రెక్కారెడ్‌కు అంత తాత కూడా లేడు.

ఈ పాఠంలో నన్ను బాగా కదిలించేది విసిగోత్ చట్టసంహితలో ఉంది. ఆ శతాబ్దంలోనే కూర్చిన ఆ సంహితలో అనాథ పిల్లల గురించి ప్రత్యేక అధ్యాయం ఉంది. పదిహేనేళ్ళు నిండనివాడు తల్లినో తండ్రినో పోగొట్టుకుంటే అతణ్ణి అనాథగా లెక్కించాలి. తండ్రి పోతే, మళ్ళీ పెళ్ళి చేసుకోనంతవరకు తల్లే సంరక్షకురాలు. ఆమె కాకపోతే దగ్గరి బంధువు. పిల్లవాడి ఆస్తికి జాబితా రాయాలి, సంరక్షకుడు దాన్ని తినేయకూడదు. పిల్లల ప్రాణానికి కూడా వయసు వారీగా వెల కట్టారు. ఏడాది మగపిల్లవాడికి 60 సొలిడస్ బంగారు నాణేలు, పదేళ్ళవాడికి 100, ఇరవై నుంచి యాభై మధ్య మగవాడికి 300. ఒక రైతు కొడుకు పొలానికి ఇన్ని కాపలాలు పెట్టిన రాజ్యంలో, రాజు కొడుకు కిరీటానికి ఒక్క కాపలా లేదు. రాజప్రతినిధి అనే పదవే వాళ్ళ చట్టంలో లేదు. రాణి భర్త పోయాక ఆమెకు రాజ్యంలో పని లేకపోవడమే కాదు, ఆ శతాబ్దం చివరికి వచ్చేసరికి విధవరాణిని ఎవరూ పెళ్ళాడకూడదని 683లో, ఆమె మఠంలో చేరి తీరాలని 691లో చర్చి సభలే శాసించాయి. అవి మన బాలుడి తరవాతివే, కానీ గాలి ఎటు వీస్తున్నదో చెబుతాయి. ఆ ఒక్క వాక్యంలో బాలుడి తల్లి ఊసే లేకపోవడం నాకు వింతగా అనిపించదు, బాధగా అనిపిస్తుంది.

ఇక అవతలి పక్క చూడండి. స్వింతిలా సిసెబుట్ కొలువులోనే సేనాని. ఉత్తరాన కొండల్లోని రుక్కోన్లు అనే తెగను అణిచాడు, దక్షిణాన చక్రవర్తి కోటలు పట్టాడు. సైన్యం అతణ్ణి చూసింది, అతని వెంట నడిచింది, అతని చేతి మీదుగా దోపిడీ సొత్తు పంచుకుంది. విసిగోత్ రాజు అంటే ముందు సైన్యం ముందు నడిచేవాడు. ఆ పని పసివాడు చేయలేడు, పసివాడి తరఫున చేసే పదవి లేదు. కాబట్టి 621లో ప్రభువులు స్వింతిలా వైపు చూడటానికి పిల్లవాడు చావనక్కర్లేదు. బతికి ఉన్నా చూసేవాళ్ళే. తరవాత స్వింతిలా తన ఎంపికకు తగ్గట్టే చేశాడు, దక్షిణ తీరంలో మిగిలిన చక్రవర్తి పట్టణాలను కూడా గెలిచి, ద్వీపకల్పం మొత్తాన్ని ఏలిన తొలి గోత్ రాజు అయ్యాడు.

అదే స్వింతిలా చేసిన తరవాతి పని చూస్తే ఈ కథ పూర్తి రూపం తెలుస్తుంది. తన చిన్న కొడుకు రిక్కిమిర్‌ను తనతోపాటు రాజుగా ప్రకటించాడు. ఇసిడోర్ పెద్ద పాఠంలో రాజుల కథ ముగిసేది ఈ పిల్లవాడి మీదే. శైశవంలోనే పవిత్రమైన గుణశోభ మెరుస్తోందని, ముఖంలో తండ్రి పోలిక కనిపిస్తోందని, తండ్రి తరవాత రాజ్యానికి అర్హుడు కావాలని దేవుణ్ణి ప్రార్థించాడు. కొన్ని పుటల ముందు ఒక బాలుడికి సగం వాక్యం, ఇక్కడ ఇంకో బాలుడికి ఆశీర్వచనం. రెండూ ఒకే చేతి రాత. ఆ ఆశీర్వచనం ఫలించలేదు. 631లో సిసెనాండ్ అనే ప్రభువు ఫ్రాంకు రాజు డాగోబెర్ట్ సాయంతో తిరగబడ్డాడు. సాయానికి ప్రతిఫలంగా గోతుల ఖజానాలోని 500 పౌన్ల బంగారు పళ్ళెం ఇస్తానన్నాడు. అది రోమన్ సేనాని ఏటియస్ పూర్వం తమ రాజు థోరిస్మండ్‌కు ఇచ్చిన కానుక. గోతులు ఆ పళ్ళెం వదులుకోలేక అడ్డుపడ్డారు, చివరికి బదులుగా 200,000 సొలిడస్‌లు చెల్లించాల్సి వచ్చిందని ఫ్రెడెగార్ చరిత్ర చెబుతుంది. ఫ్రాంకు సైన్యం సరగోస్సా చేరేసరికే స్వింతిలా మనుషులు అతణ్ణి వదిలేశారు.

633లో టొలెడోలో బిషప్పుల నాలుగవ మహాసభ జరిగింది. అధ్యక్షుడు మరెవరో కాదు, ఇసిడోరే. ఆ సభ 75వ శాసనం ప్రకారం రాజు శాంతంగా పోతే ప్రభువులూ బిషప్పులూ కలిసి తరవాతి రాజును నిర్ణయించాలి. అదే శాసనం స్వింతిలా తన నేరాలకు భయపడి తనంతట తానే రాజ్యం వదులుకున్నాడని చెప్పి, అతన్నీ భార్యనూ కొడుకులనూ సమాజం నుంచి వెలివేసి, ఆస్తి లాక్కుంది. రిక్కిమిర్ పేరు అక్కడ విడిగా లేదు, "కొడుకులు" అన్న మాటలో కలిసిపోయాడు. పేదలకు తండ్రి అని పొగిడిన కలం, పదేళ్ళు తిరక్కుండానే అదే మనిషి మీద ఈ తీర్పుకు సంతకం పెట్టింది. ఇసిడోర్‌ను కపటి అని నేననను. ఆయనకు కావలసింది రాజులను చంపడం ఆగిపోవడం. ఎవరు గద్దె మీద ఉంటే వాళ్ళ చుట్టూ ఆ కంచె కట్టాలని చూశాడు. కానీ అదే ఇసిడోర్ వాక్యాన్ని పట్టుకుని స్వింతిలా నిర్దోషి అనేవాళ్ళకు ఈ 75వ శాసనం కూడా చూపించాలి.

తుల్గా సంగతి చెప్పి నా అభిప్రాయానికి వస్తాను. అతని తండ్రి చింటిలా 636లో, 638లో రెండు మహాసభలు పిలిచి, రాజు పిల్లలకు తరవాతి రాజులు హాని చేయకూడదని శాసనాలు చేయించాడు. కొడుకు మీద భయం ఎంత ఉందో అవే చెబుతాయి. 638 సభ ఇంకో మాట కూడా తేల్చింది, సన్యాసానికి తల జుట్టు కత్తిరించినవాడు రాజు కాకూడదు. 642లో సుమారు ఎనభయ్యేళ్ళ చిందాస్వింత్ యువకుడైన తుల్గాను దింపాడు. చంపలేదు, జుట్టు కత్తిరించి మఠవాసిని చేశాడు. తండ్రి చేయించిన శాసనమే కొడుకును గద్దెకు శాశ్వతంగా దూరం చేసింది, అయితే ప్రాణం కూడా మిగిల్చింది. తలమీద బలమైన కాడి లేకపోతే గోతులు కుదురుగా ఉండరని ఫ్రెడెగార్ చరిత్ర ఈ సందర్భంలోనే వ్యాఖ్యానించింది. చిందాస్వింత్ గద్దెనెక్కగానే 200 మంది పెద్ద ప్రభువులను, 500 మంది మధ్యతరగతి వాళ్ళను చంపించాడని కూడా అదే చెబుతుంది. ఏడు వందల మందిని చంపించినవాడు దింపిన కుర్రరాజును చంపనక్కర్లేదనుకున్నాడు.

అందుకే నా మొగ్గు ఇలా ఉంటుంది. 621లో పిల్లవాడు స్వింతిలాకు అడ్డు కాదు, పక్కకు జరిపితే జరిగేవాడు. చంపాల్సిన అవసరం తక్కువ. పసివాళ్ళు జ్వరానికీ విరేచనాలకూ పోవడం ఆ కాలంలో రోజూ చూసే సంగతి. తండ్రిని తీసుకుపోయిన జబ్బే కొడుకునూ తీసుకుపోయి ఉండొచ్చు. మరోవైపు 603లో లియువాకు ఏం జరిగిందో టొలెడోలో అందరికీ గుర్తుంది, అప్పటికి జుట్టు కత్తిరించే మర్యాద ఇంకా శాసనం కాలేదు. అవసరం లేని హత్యలు కూడా జరుగుతాయి. సహజ మరణం వైపు కొంచెం ఎక్కువ మొగ్గుతానుగాని, దాన్ని పట్టికలో ఎక్కించేంత ధైర్యం చేయను. మీరూ చేయకండి. స్వింతిలా చంపించాడని తేల్చి చెప్పేవాళ్ళను ఏ పుటలో, ఏ మాటలో ఉందని అడగండి.

చివరగా పేరు గురించి. "రెండవ" అన్నది మనం వేసిన సంఖ్య, ఇసిడోర్‌కు అతను ఉత్త రెక్కారెడ్. ఆ పేరు పెట్టడంలో మాత్రం తండ్రి ఆశ ఉంది. మొదటి రెక్కారెడ్ గోతులను ఏరియన్ మతం (క్రీస్తు తండ్రి దేవుడితో సమానుడు కాడనే క్రైస్తవ శాఖ) నుంచి కాథలిక్ మతంలోకి తెచ్చి 589లో మూడవ టొలెడో సభ నడిపిన రాజు. వాళ్ళిద్దరికీ రక్తసంబంధం ఉందని పట్టికలో గీత గీయకండి, అందుకు ఆధారం లేదు. ఇసిడోర్ తేదీలు హిస్పానియా శకంలో ఉంటాయి, దాంట్లోంచి 38 తీసేస్తే మన లెక్క వస్తుంది. స్వింతిలా గద్దెనెక్కింది 659లో అంటే 621 అన్నమాట. నేను నా పాఠానికి రాసుకున్న పట్టికలో ఈ వరుస ఇలా ఉంటుంది, కావాలంటే వాడుకోండి: "రెక్కారెడ్ (రెండవ). సిసెబుట్ కుమారుడు, పసివాడు. 621, కొద్ది రోజులు. మరణకారణం నమోదు కాలేదు. ఆధారం: ఇసిడోర్, పెద్ద పాఠం, ఒక్క వాక్యం." సిసెబుట్ గడినీ స్వింతిలా గడినీ కలిపేసి మధ్యలో ఇతన్ని చిన్న అక్షరాల్లో ఇరికించకండి. మిగతా రాజులకు ఎంత గడి ఇచ్చారో ఇతనికీ అంతే ఇవ్వండి.